ఆదివారం మధ్యాహ్నం తాళం తీయడానికి చేయి రావడం లేదు

ప్రశ్న: నా వయసు 56. మావారు ప్రభువు దగ్గరికి వెళ్ళి వచ్చే నెలకు రెండేళ్ళు. పిల్లలిద్దరూ దూరంలో ఉన్నారు. మాది చిన్న సంఘం, అందరం కలిపి నలభై మందికి మించం. ఆయన ఉన్నప్పుడు ఆరాధన అయ్యాక అందరితో ఆయనే మాట్లాడేవారు, నేను పక్కన నిలబడేదాన్ని. ఇప్పుడు ఆశీర్వాద ప్రార్థన అవగానే “వందనాలమ్మా, బాగున్నారా” అంటారు, “దేవుని కృప, బాగున్నాను” అంటాను, అక్కడితో సరి. ఇంటికొస్తే తాళం తీయడానికి చేయి రాదు. గుమ్మం దగ్గరే కాసేపు నిలబడిపోతాను. ఈ సంగతి ఒక పెద్దావిడతో అంటే “ప్రభువే నీకు భర్త కదమ్మా, ఇంకా ఒంటరితనమేమిటి, ప్రార్థన పెంచు” అన్నారు. అప్పటినుంచి ఎవరికీ చెప్పడం లేదు. నాకు విశ్వాసం తక్కువా? పెద్ద సంఘానికి మారితే మంచిదా? లేక ఇంట్లోనే కూర్చుని ఫోన్లో ఆరాధన చూసుకోనా?

జవాబు:

అమ్మా, మీకు వందనాలు.

మీరు అడిగినవి మూడు ప్రశ్నలే అయినా, నన్ను ఎక్కువగా కలతపెట్టింది మీరు అడగని సంగతి. “అప్పటినుంచి ఎవరికీ చెప్పడం లేదు” అని రాశారు. రెండేళ్ళ దుఃఖం ఒక ఎత్తు, ఆ మాట విన్నాక నోరు కట్టేసుకోవడం ఒక ఎత్తు. ముందు ఆ ముడి విప్పుదాం.

మీకు విశ్వాసం తక్కువ కాదు. “నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు” అన్న మాట ఆదికాండం రెండో అధ్యాయంలో ఉంది. పాపం లోకంలోకి వచ్చింది మూడో అధ్యాయంలో. అంటే ఆదాముకీ దేవుడికీ మధ్య ఏ అడ్డూ లేని రోజుల్లో, ఆ తోటలోనే, దేవుడు తనంతట తానే ఈ మాట అన్నాడు. “నేనున్నాను కదా, నీకింకెవరు కావాలి” అని ఆదామును అడగలేదు. మనిషికి మనిషి తోడు కావాలనిపించేలా చేసింది ఆయనే.

యేసును బంధించడానికి ముందు గెత్సేమనే తోటలో గడిచిన రాత్రి గుర్తు చేసుకోండి. తండ్రితో అంతగా ఏకమై ఉన్న యేసు, ప్రార్థనకు వెళ్తూ కూడా పేతురునీ, జెబెదయి కుమారులిద్దరినీ వెంటబెట్టుకు వెళ్ళాడు. “మీరు ఇక్కడ నిలిచి, నాతోకూడ మెలకువగా నుండుడి” అని అడిగాడు. వాళ్ళు ఏమీ చేయనక్కర్లేదు, దగ్గర్లో మేలుకుని ఉంటే చాలు. అదీ వాళ్ళవల్ల కాలేదు, నిద్రపోయారు. ఆయన వచ్చి చూసి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ప్రభువే తోడు అడిగాక మీరు అడగడం తప్పెలా అవుతుందమ్మా?

ఆ పెద్దావిడ చెప్పిన వాక్యం యెషయా 54లోది. అన్నీ పోగొట్టుకుని సిగ్గుతో కుమిలిపోతున్న ప్రజను దేవుడు దగ్గరికి తీసుకుంటూ పలికిన మాట అది. కన్నీళ్ళు తుడవడానికి పలికిన మాటను మన సంఘాల్లో ఒక్కోసారి నోరు మూయించడానికి వాడేస్తాం. ఆవిడ చెడ్డ మనసుతో అని ఉండరు. ఎదుటివాళ్ళ దుఃఖం ముందు ఏమనాలో తోచనప్పుడు చాలామంది వాక్యం వెనక దాక్కుంటారు. ఆవిడ మీద మనసులో ఏమీ పెట్టుకోకండి, కానీ ఆ సలహాను మాత్రం అక్కడే వదిలేయండి.

దీనికి తోడు అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఒకసారి తీసి చదవండి. తొలి సంఘంలో లేచిన సణుగుడు విధవరాళ్ళ గురించే. అనుదిన పరిచర్యలో తమ విధవరాళ్ళను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అప్పుడు అపొస్తలులు ఆ స్త్రీలతో “ప్రార్థన పెంచండి” అనలేదు. తప్పు ఏర్పాటులో ఉందని ఒప్పుకుని, మంచి పేరున్న ఏడుగురిని ఆ పనికి ఏర్పరచారు. తొలి హతసాక్షి స్తెఫను పేరు మనకు మొదట వినిపించేది ఆ పట్టికలోనే. విధవరాలు మరుగున పడిపోయిందంటే సంఘం సరిదిద్దుకోవలసినదేదో ఉందని వాళ్ళు గ్రహించారు. మీ సంఘంలోనూ అలాంటి లోపమే ఉంది. అది మీ విశ్వాసంలోని లోపం కాదు.

ఇక ఒంటరితనం సంగతి. రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే దీన్ని రెండుగా విడదీసి చెప్పారు. మన మనసంతా తెలిసిన ఒక్క మనిషి లేకపోవడం ఒకటి, నలుగురిలో మనకంటూ చోటు లేకపోవడం మరొకటి. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచేయదు. మీకు రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. ఆయన పోవడంతో మొదటిది వచ్చింది. నలుగురితో మీకున్న దారి కూడా ఆయనే కాబట్టి, ఆయనతోపాటు ఆ దారీ మూసుకుపోయింది. మీ ఉత్తరంలో “నేను పక్కన నిలబడేదాన్ని” అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ సంఘానికి మీరు ఎన్నో ఏళ్ళుగా వెళ్తున్నా, వాళ్ళు ఎరిగింది ఆయన్ని. మిమ్మల్ని ఇంకా ఎరగరు.

ఉన్నదున్నట్టు చెప్తాను. ఏ సంఘమూ మీవారి స్థానం నింపుతుందని ఆశ పెట్టుకోకండి. ఆ ఖాళీతో బతకడం నెమ్మదిగా అలవాటవుతుంది, దానికి దేవుడి ఆదరణ కావాలి, కాలమూ కావాలి. రెండో ఒంటరితనం మాత్రం సహవాసంతో తీరేదే. మీరు ఇప్పుడు చేయి పెట్టవలసింది అక్కడ.

అయితే ఆరాధనకు వెళ్ళి కూర్చున్నంత మాత్రాన అది తీరదు. చైయూన్ లిమ్, రాబర్ట్ పుట్నం అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఆరాధనలకు వెళ్ళేవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. వారం వారం ఆరాధనకు వెళ్తూ, ఆ సంఘంలోనే దగ్గరి స్నేహితులున్నవాళ్ళు జీవితంలో ఎక్కువ తృప్తిగా ఉన్నారు. అంతే క్రమంగా వెళ్తూ అక్కడ స్నేహితులెవరూ లేనివాళ్ళు మాత్రం, అసలు వెళ్ళనివాళ్ళకంటే సంతోషంగా ఏమీ లేరు. మీరు రెండేళ్ళుగా అనుభవిస్తున్నది ఇదే. మీరు ఒక్క ఆదివారం కూడా మానడం లేదు. ఆరాధన మీకు అందుతోంది, సహవాసమే అందడం లేదు.

సహవాసానికి సమయం ఎంత పడుతుందో కూడా చూడండి. కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం దాదాపు 50 గంటలు కావాలి, దగ్గరి స్నేహం కావడానికి 200 గంటలు దాటాలి. ఇప్పుడు మీ లెక్క వేద్దాం. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఐదు నిమిషాల పలకరింపు. ఏడాదికి 52 ఆదివారాలంటే 260 నిమిషాలు, నాలుగు గంటలకు కాస్త ఎక్కువ. ఆ లెక్కన 50 గంటలు నిండడానికి పదకొండేళ్ళు దాటుతుంది. అదే ఒక మనిషితో వారానికి రెండు గంటలు ఏదో ఒక పనిలో కూర్చుంటే ఆరు నెలల్లో నిండిపోతాయి. మీరు కలుపుగోలు మనిషి కాకపోవడం వల్ల ఇలా జరిగిందని మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నట్టు ఉత్తరం చదువుతుంటే అనిపించింది. అవసరమైన గంటలు దొరకలేదు, అంతే.

“పని” అని ఎందుకన్నానంటే, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం మీలాంటివాళ్ళకూ నాలాంటివాళ్ళకూ కష్టం. పక్కపక్కన కూర్చుని చేతులతో ఏదో చేస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. యొప్పే పట్టణంలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు విధవరాళ్ళంతా పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలూ వస్త్రాలూ చూపించారు. ఆమె ప్రేమకు వాళ్ళ చేతుల్లో ఉన్న ఆనవాలు కుట్టుపని.

నా సంగతి ఒకటి చెప్తాను. ఒకప్పుడు నేనూ కొత్త చోట, ఎవరూ తెలియని చిన్న సంఘంలో, వెనక వరసలో నెలల తరబడి కూర్చున్నాను. ఆశీర్వాదం అవగానే చెప్పులేసుకుని వచ్చేసేదాన్ని. ఒక ఆదివారం పక్కనున్న ముసలావిడ పాటల పుస్తకం నా వైపు తిప్పి, “అంకెలు ఆనడం లేదమ్మా, పేజీ తీసిపెట్టు” అన్నారు. తీసిపెట్టాను. మరుసటి వారం మళ్ళీ ఆవిడ పక్కనే కూర్చున్నాను, పేజీ తీయాలి కదా అని. ఆ తర్వాత పాట మొదటి పంక్తి ఆవిడ చెవి దగ్గర చదివి చెప్పడం కూడా నా పనైంది. అలా నాలుగైదు నెలలు గడిచాయి, మేము పెద్దగా మాట్లాడుకుంది కూడా లేదు. ఒక వారం జ్వరం వచ్చి నేను వెళ్ళలేదు. సాయంత్రం ఫోన్ మోగింది. “ఈరోజు నాకు పేజీ తీసేవాళ్ళు లేరమ్మా, ఏమైంది నీకు?” అని అడిగారు. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. నేను రాలేదని కనిపెట్టిన మనిషి ఒకరు లోకంలో ఉన్నారు.

నలభై మంది ఉన్న సంఘానికి ఉన్న గొప్ప బలం ఇదే. అక్కడ ఒక మనిషి రాకపోతే ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. కనిపించాలంటే మాత్రం మీకంటూ ఒక చోటు, ఒక పని ఉండాలి. అందుకని పాస్టర్‌గారిని “నాకేమైనా పని చెప్పండి” అని అడగకండి, ఆలోచిస్తానంటారు, మర్చిపోతారు. మీరే ఒకటి ఎంచుకుని వెళ్ళండి. ఆరాధనకు అరగంట ముందు వచ్చి మందిరం తెరిచే మనిషితో కలిసి కుర్చీలు సర్దండి. ఆరాధన అయ్యాక అందరికీ ఇంటికి వెళ్ళే తొందర ఉంటుంది, ముందు వచ్చేవాళ్ళకు మాట్లాడే తీరిక ఉంటుంది. లేదా ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పే అమ్మాయికి సాయంగా కూర్చోండి. లేదా మంచం పట్టినవాళ్ళను చూడటానికి వారానికి ఒకసారి మరొకరితో కలిసి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరుగా వెళ్ళండి. మీకు కావలసిన గంటలు ఆ దారిలోనే దొరుకుతాయి.

రెండో మార్పు ఇంకా చిన్నది, ఇంకా కష్టమైనది. “బాగున్నాను” అనడం ఒక్కరి దగ్గర మానండి. అందరి దగ్గరా అక్కర్లేదు. మీరు ఏడిస్తే కంగారుపడని మనిషి, విన్నది విన్నచోటే ఉంచే మనిషి ఎవరో మీకు తెలిసే ఉంటుంది. చిన్న సంఘంలో మాట త్వరగా పాకుతుంది. ప్రార్థన మనవి పేరుతోనే ఒక్కోసారి ఇంటి గుట్టు అందరి నోళ్ళలో పడుతుంది. అందుకే ఒక్కరిని ఎంచుకోమంటున్నాను. ఆమెతో ఇలా అనండి: “అమ్మా, ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్ళి తాళం తీయడం నాకు కష్టంగా ఉంటోంది. ఈ వారం నాతో ఇంటిదాకా వచ్చి ఓ గంట కూర్చుంటారా?” ఇందులో ఎందుకు, ఎప్పుడు, ఎంతసేపు అన్నవి మూడూ ఉన్నాయి. “నాకు ఒంటరిగా ఉంటోంది” అంటే వినేవాళ్ళకు ఏం చేయాలో తెలియదు, పాపం మళ్ళీ ఒక వాక్యం చెప్పి ఊరుకుంటారు. ఓ గంట కూర్చోమంటే కూర్చుంటారు.

ఆమె కుదరదంటే? చాలాకాలం ఒంటరిగా ఉన్న మనసు ప్రతిచోటా తిరస్కారాన్నే చూస్తుందని, ఈ విషయాన్ని దశాబ్దాలపాటు పరిశోధించిన జాన్ కాచియోపో చెప్పేవారు. ఎదుటివాళ్ళు తొందరలో తల తిప్పుకున్నా, మనం అక్కర్లేదని తిప్పుకున్నట్టే తోస్తుంది. దెబ్బ తగిలిన చోట మెల్లగా తాకినా నొప్పి పుట్టినట్టే. కాబట్టి ఒక్క “కుదరదు”తో ఆగకండి. ఆమెనే మరో వారం అడగండి, లేదా ఇంకొకరిని అడగండి. ప్రభువు ఆ రాత్రి నిద్రపోయిన స్నేహితుల దగ్గరికి మళ్ళీ వెళ్ళాడని గుర్తుపెట్టుకోండి.

మరి ప్రార్థన? ప్రార్థన తగ్గించమని నేనెందుకంటాను. కాకపోతే దాని తీరు కాస్త మార్చి చూడండి. ఆ పెద్దావిడ మాట విన్నాక మీరు దేవుడి దగ్గర కూడా “బాగున్నాను” అనే అంటున్నారేమో. కీర్తన 25లో దావీదు “నేను ఏకాకిని, బాధపడువాడను” అని నేరుగా అనేశాడు. గుమ్మం దగ్గర నిలబడినప్పుడు ఆ ఒక్క మాట చాలు, అదే ప్రార్థన. ఇంకొకటి, మీ సంఘంలోని నలభై మంది పేర్లు ఒక కాగితం మీద రాసుకుని రోజుకు ఇద్దరి కోసం ప్రార్థించండి. మూడు వారాలు తిరిగేసరికి అందరూ అయిపోతారు. ఎవరి పేరు దగ్గర మీకు ఏమీ తెలియక ఆగిపోతారో, ఆదివారం వాళ్ళ దగ్గరికి వెళ్ళి “మీ కోసం ప్రార్థిస్తున్నాను, ఏమని అడగను?” అనండి. వాళ్ళు చెప్పింది గుర్తుపెట్టుకుని పై వారం మళ్ళీ అడగండి. ఆ రెండోసారి అడగడం దగ్గరే బంధం మొదలవుతుంది.

మీకు ధైర్యం ఉంటే మరో అడుగు. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అనుచరులకు మందిరం కట్టిన అప్పు తీర్చే చిక్కు వచ్చింది. ఒక్కొక్కరూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలనుకున్నారు. బీదవాళ్ళు ఎలా ఇవ్వగలరని ఎవరో అడిగితే, ఒక ఓడ కెప్టెన్ లేచి, “పదకొండు మందిని నాకు అప్పజెప్పండి, వారం వారం వాళ్ళ దగ్గరికి వెళ్తాను, ఇవ్వలేనివాళ్ళది నేనే వేస్తాను” అన్నాడు. డబ్బు కోసం ఇల్లిల్లూ తిరిగితే, ఎవరు జబ్బుపడ్డారో, ఏ ఇంట్లో గొడవలున్నాయో, ఎవరు కుంగిపోతున్నారో బయటపడింది. ఆ పన్నెండేసి మంది గుంపులే తర్వాత వారం వారం కూడుకుని ఒకరి క్షేమం ఒకరు అడిగి తెలుసుకునే కూడికలయ్యాయి. అప్పు వసూలు కోసం వేసిన బాట మనుషులను ఆదుకునే బాటగా మారింది.

మీ ఇంట్లో వారం మధ్యలో ఒక గృహకూడిక పెట్టుకోవచ్చా అని పాస్టర్‌గారిని అడగండి. ఐదారుగురు చాలు. ప్రసంగం ఉండాలని లేదు. ఒక కీర్తన చదువుకోండి, ఈ వారం ఎలా గడిచిందో ఒక్కొక్కరూ చెప్పండి, ఒకరి కోసం ఒకరు ప్రార్థించండి. మొదటిసారి మీ సంగతి చెప్పడానికి గొంతు పెగలకపోతే, మీవారి గురించి చెప్పండి. వాళ్ళందరికీ ఆయన తెలుసు, కానీ ఆయన పేరెత్తితే మీరు బాధపడతారని రెండేళ్ళుగా నోరు మెదపకుండా ఉండి ఉంటారు. పేరెత్తాలో వద్దో మీరు చూపిస్తేనే వాళ్ళకు తెలుస్తుంది.

పెద్ద సంఘానికి మారాలా అన్నారు. అక్కడ పాటలు బాగుంటాయి, కార్యక్రమాలు ఎక్కువ. కానీ వందలమందిలో మీరు రాకపోయినా తెలిసేది ఎవరికి? అక్కడికి వెళ్ళినా మళ్ళీ పదిమంది ఉన్న గుంపునే వెతుక్కోవాలి. ఆ పదిమంది ఇప్పటికే మీ దగ్గరున్నారు. ఆరు నెలలు నేను చెప్పినవి చేసి చూశాక కూడా తలుపులు మూసుకునే ఉంటే అప్పుడు మారండి, అందులో తప్పేమీ లేదు. చిన్న సంఘాలన్నీ మంచివని కూడా నేననను. మీ దుఃఖాన్ని ఆసరా చేసుకుని డబ్బు అడిగేవాళ్ళు, మీ పిల్లలతో మాట్లాడొద్దనేవాళ్ళు, ప్రతి నిర్ణయం తమను అడిగే తీసుకోవాలనేవాళ్ళు ఉంటే ఆరు నెలలు కూడా ఆగొద్దు.

ఫోన్లో ఆరాధన మంచం మీదున్నవాళ్ళకు దేవుడిచ్చిన మేలు. నడవగలిగిన మీకు అది సరిపోదు. ఫోన్ మీ పేరు పెట్టి పిలవదు, మీరు రాలేదని కనుక్కోదు.

ఇంకొక్కటి అడగాలి, ఏమీ అనుకోకండి. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? రెండు వారాలకు పైగా నిద్రా ఆకలీ లేకపోతే, ఏ పని మీదా మనసు పోకపోతే డాక్టరుకు చూపించుకోండి. మీవారి దగ్గరికే వెళ్ళిపోవాలనిపిస్తుంటే ఒక్క రోజు కూడా ఆగకండి. ఆ రోజే పిల్లలకు చెప్పండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావాలని కోరుకున్నప్పుడు దేవదూత వచ్చి ముందు ప్రసంగం చేయలేదు. తట్టి లేపి, రొట్టె, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. “ఒక్కడినే మిగిలాను” అన్న అతనికి, ఇంకా ఏడువేల మంది ఉన్నారని చెప్పి, ఎలీషా అనే ఒక మనిషిని పక్కన తోడుగా ఇచ్చాడు. మందు తీసుకోవడం, సలహాదారు దగ్గర కూర్చోవడం విశ్వాసానికి అడ్డు అని ఎవరైనా అంటే వినకండి.

రెండేళ్ళు నిండే రోజు వచ్చే నెలలో అన్నారు. అది ఏ వారం పడిందో చూసుకోండి. ఆ రోజు పొద్దుటినుంచి రాత్రిదాకా ఒక్కరే ఉండాలని మీరు ఇప్పటికే అనుకుని ఉంటారు, వద్దు. ఏడ్చినా పక్కన మనిషి ఉండగా ఏడవండి. పిల్లల్లో ఒకరు రాగలరేమో అడగండి. రాలేకపోతే, పొద్దున్నే మీ తలుపు తట్టే మనిషి ఎవరో ఈ ఆదివారమే అడిగి పెట్టుకోండి. ఏమన్నారో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.